కాళ్‌దరి గోడలో హాజరు

పదకొండేళ్లుగా, పొద్దున ఆరింటికల్లా, కాపలామనిషి చాంగుణ కాళ్‌దరి ఆనకట్ట అడుగునున్న ఇనప తలుపు తాళం తీసేది. ఒక చేతిలో లాంతరు, చంకలో హాజరు పుస్తకం, కొంగున ముడేసిన బెల్లం ముక్క. తలుపు దగ్గర్నుంచి గోడ కడుపులోకి నూట ఇరవై అడుగుల సొరంగం. రోహిణి కార్తెలో కూడా లోపల వణుకు పుట్టేది. రాళ్ల సందుల్లోంచి ఊరిన నీళ్లు పక్కనున్న సన్నటి కాలవలో పడి బయటికి పారేవి. ఆమె లాంతరు కొక్కేనికి తగిలించి, బెల్లం ముక్క గూట్లో పెట్టి, పుస్తకం తెరిచి, గొంతు సవరించుకుని పేర్లు పిలిచేది.

“బాపూ కొండిబా!”

రాతి లోపల్నుంచి, టక్.

“సఖారాం విఠూ!”

టక్.

“గేనూ రామ్‌జీ!”

కాస్త ఆగి, టక్. గేనూ బతికున్నప్పుడు కూడా బద్ధకస్తుడేనని అతని మనవలే చెప్పుకునేవారు.

అలా నలభై ఒక్క పేర్లు, నలభై ఒక్క చప్పుళ్లు. అందరికన్నా చివర్న ‘ధోండిబా శివా’ అని పిలిచినప్పుడు వచ్చే చప్పుడు మాత్రం కొంచెం మెత్తగా, వేలి కణుపుతో కొట్టినట్టు ఉండేది. ఆయన చాంగుణ తండ్రి. ఆమె పుస్తకంలో నీటిమట్టం రాసి, ఊట రాసి, హాజరు గడిలో నలభై ఒకటి వేసి, తలుపుకి తాళం పెట్టి ఇంటికి పోయి రొట్టెలు కాల్చుకునేది. ముందురోజు పెట్టిన బెల్లం ముక్క మర్నాటికి గూట్లో ఉండేది కాదు. చీమలు తిన్నాయా, వాళ్లు తిన్నారా అని ఎవరూ ఆరా తీయలేదు. గోడ కట్టేటప్పుడు సున్నంలో బెల్లం కలిపేవాళ్లు. తాపీవాళ్లకి ఆ రుచి అలవాటు.

కొత్తగా బదిలీ అయి వచ్చిన ఓవర్సీర్లు మొదటి వారం కళ్లు తేలేసేవాళ్లు. రెండో వారానికల్లా ‘నీళ్లెంత, ఊటెంత, హాజరెంత’ అని ఒకే గొంతుతో అడిగేవాళ్లు. మైలు దిగువనున్న ఆంబేపేఠ బస్తీ జనానికి మాత్రం ఆనకట్టంటే దెయ్యాల కొంప. అమావాస్యనాడు తల లేని దొర గుర్రమెక్కి గట్టు మీద తిరుగుతాడనీ, తెల్లచీర కట్టినామె బీడీకి నిప్పడుగుతుందనీ పిల్లల్ని జడిపించేవాళ్లు. గోడ కిందే కాపురముండే పాయ్‌వాడి వాళ్లు ఆ కబుర్లు విని పడీపడీ నవ్వేవాళ్లు. “గోడ వదిలేసి షికార్లు తిరిగే తీరికెక్కడిది మావాళ్లకి?” అనేవాళ్లు.

తీరిక లేని మాట నిజమే. నలభై నాలుగేళ్ల కిందట, గోడ సగం లేచిన ఏడు, వానలు ముంచుకొస్తున్నాయని పని చేయిస్తున్న దొర తొందరపెట్టాడు. ఒక మధ్యాహ్నం పరంజా కూలి, దాంతోపాటు ఆరని గోడ కూలి, నలభై ఒక్కమంది తాపీవాళ్లు దాని కింద పడిపోయారు. రాళ్లు తీయాలంటే వారం పడుతుంది. వారంలో నది వచ్చేస్తుంది. పైన కట్టేయండి అన్నాడు దొర. కట్టేశారు. కిందివాళ్లు మూడు రోజులు కొడుతూనే ఉన్నారు, పైవాళ్లు మూడు రోజులు కడుతూనే ఉన్నారు. చాంగుణ తల్లి అప్పుడు ఏడో నెల కడుపుతో సున్నం తట్టలు మోసేది. ‘నా మొగుడి నెత్తిన సున్నం నేనే పోశానే’ అని పోయేదాకా ఏడ్చింది పాపం. నాలుగో రోజుకి చప్పుడు ఆగిపోతుందనుకున్నారు. ఆగలేదు. నది వచ్చి పచ్చి గోడకి ఆనింది. గోడ పడాలి, పడలేదు. అటుపక్క ఎవరో భుజం పెట్టి ఆపినట్టు నిలబడిపోయింది. ఎందుకు ఆపారో ఎవరూ వివరించనక్కర్లేదు. గోడ కింద గుడిసెల్లో వాళ్ల పెళ్లాం పిల్లలున్నారు.

అందుకే పాయ్‌వాడిలో ఒక కట్టుబాటు పుట్టింది. చెరకు కోతలకి అందరూ తరలిపోయే రోజుల్లో కూడా ప్రతి ఇంట్లో ఆ ఇంటి నెత్తురు పంచుకు పుట్టిన మనిషి ఒకరు ఉండిపోవాలి. కోడలు పనికిరాదు, అల్లుడు పనికిరాడు. ‘గోడకి ఒకరు’ అనేవాళ్లు దాన్ని. ఇంటి నెత్తురు పాయ్‌వాడిలో ఉన్నంతకాలం ఆ ఇంటి పెద్ద గోడలో ఉంటాడు. ఆఖరి మనిషి పొలిమేర రాయి దాటాడా, ఆయనా గోడ వదిలేసి వాళ్ల మూటల వెనకే వెళ్లిపోతాడు. అన్నదమ్ములు కొట్టుకుంటే దీని మీదే కొట్టుకునేవాళ్లు. పోయినేడు నేనుండిపోయాను, ఈ ఏడు నువ్వుండు అని.

ఆ కట్టుబాటు కరువులో తెగింది. ఒక ఏడు కాదు, వరసగా మూడేళ్లు చినుకు లేదు. జలాశయం అడుగంటింది. మిగిలిన కాసిని నీళ్లూ పాయ్‌వాడి పక్కనుంచే కాలవలో ఆంబేపేఠకీ, అక్కడి చక్కెర మిల్లుకీ పోయేవి. ఆ కాలవలో బిందె ముంచితే పోలీసు కేసు. పాయ్‌వాడి తాగింది సొరంగంలోంచి వచ్చే ఊట ఒక్కటే. గోడ చెమట అనేవాళ్లు. ఇంటికి రోజుకి రెండు బిందెలు. స్నానాల సంగతి మర్చిపోయారు. కరువు పనుల దగ్గర రాళ్లు కొడితే సుకడి అనే కలగలుపు పిండి పెట్టేవాళ్లు, అదే తిండి.

ఫాల్గుణంలో ఒక పొద్దున బాపూ కొండిబా మనవడు మారుతి బండి కట్టాడు. గిన్నెలు, గోనెలు, మేక, పిల్లలు, వాటన్నిటి పైన ముసలి మేనత్త. చాంగుణ పరుగున వచ్చి ఎద్దు పగ్గం పట్టుకుంది.

“ఏరా, అత్తని కూడా ఎక్కించేశావేంటి? మరి గోడకి ఎవర్రా?”

“ఈవిడకి నీళ్లెవరు తెచ్చిపెడతారక్కా? రొట్టె ఎవరు కాల్చిపెడతారు? చచ్చినోడి కోసం బతికున్నదాన్ని చంపుకోమంటావా?”

“మీ తాతరా ఆయన!”

“కాదన్నానా? మా ఒక్కడు లేకపోతే గోడ కూలిపోద్దా ఏంటి? ఇంకా నలభై మంది ఉన్నారుగా, వాళ్లు చూసుకుంటార్లే.”

బండి మీద ముసలామె కొంగు ముఖం మీదకి లాక్కుంది.

“పగ్గం వదులక్కా. ఎండెక్కుతోంది” అన్నాడు మారుతి.

మర్నాడు సొరంగంలో చాంగుణ ‘బాపూ కొండిబా’ అని పిలిచింది. నీళ్లు కారుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. మళ్లీ పిలిచింది. తర్వాత మిగతా నలభై పేర్లూ పిలిచి, నలభై చప్పుళ్లూ విని, కలం పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడింది. హాజరు ఒక్కటి తగ్గినా తూములెత్తి జలాశయం ఖాళీ చేయాలని పై ఆఫీసు ఉత్తర్వు. ఖాళీ చేస్తే ఊట ఉండదు. ఊట లేకపోతే పాయ్‌వాడి ఉండదు. ఆమె కూతురు హౌసా ఆరో నెల కడుపుతో పుట్టింటికొచ్చి వారమైంది. అత్తవారి ఊళ్లో బావులు ఎండిపోయి, మొగుడు ఎక్కడో రోడ్డు పనికి పోయి, ఆ పిల్లకి ఇంకో చోటు లేదు. ఒక్కడేగా తగ్గింది, ఇంకా నలభై మంది ఉన్నారు అనుకుంది చాంగుణ. గడిలో నలభై ఒకటి వేసింది. మారుతిని తిట్టిన నోటితోనే మారుతి మాట అనుకుంటున్నానని ఆమెకి తట్టలేదు.

చైత్రానికి ముప్ఫై ఇద్దరయ్యారు. వైశాఖానికి పద్నాలుగు. వెళ్లేవాళ్లందరూ ఆ మాటే అని వెళ్లారు. కొందరైతే చాంగుణ కంటపడటం ఇష్టం లేక ఆమె సొరంగంలో ఉన్న సమయం చూసుకుని బండి కట్టారు. ఏ ఇంటివాళ్లకి ఆ ఇంటి సంగతి తెలుసుగానీ మొత్తం ఎంతమంది మిగిలారో తెలిసింది ఒక్క చాంగుణకే. ఆమె రోజూ నలభై ఒక్క పేర్లూ పిలిచేది. పలకని పేరు దగ్గర కూడా పలికేవాడికి ఇచ్చినంత వ్యవధీ ఇచ్చేది. రెండుసార్లు ఓవర్సీరుకి చెప్పేద్దామని ఆఫీసు మెట్ల దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. నీళ్లే లేని గోడకి మనుషులెందుకు, వానలొచ్చేలోపు అందరూ తిరిగొచ్చేస్తారు అని తనకి తాను చెప్పుకునేది. కూతురి కడుపు చూస్తే ఆనందం బదులు భయం వేసేది.

ఎదురింటి రావ్‌జీ ఒక్కడే ఆమెతో మాట్లాడే దిక్కు. డెబ్బై దాటినవాడు, రెండు కళ్లూ మసకలు. సఖారాం విఠూ కొడుకు. మనవడు కరువు పనికి పోయాక రోజూ అరుగు మీద కూర్చుని ఆమె అడుగుల చప్పుడు పట్టి అడిగేవాడు.

“ఏమే చాంగుణా, మా అయ్య పలికాడా ఇవాళ?”

“పలికాడు.”

“ఏమన్నాడు?”

“నీ కొడుకింకా చావలేదా అన్నాడు.”

“చావడంట అని చెప్పు. నేను చస్తే మనవడు బండి కట్టేస్తాడు, ఆయనకి సెలవు దొరుకుద్దిగా, ఇవ్వనని చెప్పు.” పళ్లు లేని నోటితో నవ్వి, నవ్వు ఆపి, గొంతు తగ్గించి అడిగేవాడు. “ఇళ్లలో పొయ్యిల వాసన రావట్లేదే. ఎంతమందిమి ఉన్నామే?”

“ఉన్నాంలే మామా” అనేది చాంగుణ.

మృగశిర కార్తె మూడో రోజున మబ్బు పట్టింది. మొదటి చినుకులకి పాయ్‌వాడిలో మిగిలిన ఐదిళ్ల వాళ్లూ బయటికొచ్చి నోళ్లు తెరిచి నిలబడ్డారు. రావ్‌జీ వానలో కూర్చుని లోపలికి రానన్నాడు. రెండో రోజు వానలోనే హౌసాకి నొప్పులొచ్చి ఆడపిల్ల పుట్టింది. గోరువెచ్చటి నీళ్లతో, కావలసినన్ని నీళ్లతో, చాంగుణ మనవరాలికి స్నానం చేయించింది. మూడేళ్లలో ఆ ఇంట్లో నీళ్లు నేల మీద ఒలికింది అప్పుడే. వాన మాత్రం ఆగలేదు. నాలుగో రోజుకి, అయిదో రోజుకి, ఎండి నెర్రెలు విచ్చిన జలాశయంలోకి కొండలన్నీ కలిసి నీళ్లు కుమ్మరించాయి. ఆరో రోజు పొద్దున ఆమె సొరంగం తలుపు తీస్తే ఊట సన్నటి ధారలుగా కాకుండా చేతి మందంలో చిమ్ముతోంది. దోసిలి పట్టి లాంతరు దగ్గర పెట్టుకు చూసింది. నీళ్లు తేటగా లేవు, సున్నం రంగులో ఉన్నాయి. గోడ లోపల్నుంచి కరిగిపోతోంది.

నలభై ఒక్క పేర్లు పిలిచింది. ఐదుగురు పలికారు. పుస్తకం మూసి, తాళం కూడా వేయకుండా కొండ భుజం మీదున్న ఆఫీసుకి ఎక్కింది.

ఓవర్సీరు ఘాణేకర్ చెడ్డవాడు కాదు. కడుపునొప్పి మనిషి, సగంరోజు వాము నీళ్లు తాగుతూ ఉండేవాడు. తడిసి ముద్దయిన చాంగుణని చూసి కుర్చీలోంచి లేచాడు.

“సాహెబ్, ఆంబేపేఠ ఖాళీ చేయించండి.”

“ఎందుకు? నిన్ననే పుస్తకం చూశానుగా. ఊట ఎక్కువైంది, సరే. హాజరు నలభై ఒకటి ఉందిగా?”

“అబద్ధం రాశాను సాహెబ్.”

అతను కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. “ఎంతమంది?”

“ఐదుగురు.”

“తగ్గారా?”

“మిగిలారు.”

తిడతాడని ఎదురుచూసింది. తిట్టలేదు, కూర్చుండిపోయాడు. తూములన్నీ నిన్ననే ఎత్తేశాననీ, వచ్చే నీళ్లలో సగం కూడా పోవడం లేదనీ గోడకి చెప్పుకున్నట్టు చెప్పాడు. తర్వాత ఫోను అందుకుని గట్టిగా అరిచి మాట్లాడాడు. నాలుగువేల మంది, ఒక్కటే వంతెన, ఆసుపత్రిలో లేవలేనివాళ్లు. సాయంత్రం నాలుగైపోతుందన్నారు అవతల్నుంచి.

“చాంగుణా, ఆ ఐదుగురూ నాలుగింటిదాకా ఆపగలరా?”

“ఆపుతారు సాహెబ్. కానీ మా పాయ్‌వాడివాళ్లు కొండెక్కేస్తే ఇంక గోడలోవాళ్లుండరు.”

ఘాణేకర్ కిటికీలోంచి కిందికి చూశాడు. గోడ కింద ఐదిళ్ల పైకప్పుల్లోంచి వానలోనే పొగ లేస్తోంది. “అంటే, బస్తీ ఖాళీ అయ్యేదాకా మీవాళ్లు గోడ కిందే ఉండాలి” అన్నాడు.

“ఇంటికొకరు.”

“ఉండండని నేను చెప్పలేను.”

“మీరు చెప్పకండి. నేనడుగుతాను” అంది చాంగుణ.

అడిగింది. మొదటి ఇంట్లో మాట పూర్తికాకముందే పిల్లల్ని ఎత్తుకుని లేచారు. రెండో ఇంటి కోడలు “మిగతా నలుగురూ ఉంటార్లే అక్కా” అంది, కళ్లలోకి చూడకుండా. మూడో ఇంట్లో ఎవరూ లేరు, పొయ్యి మీద సుకడి మాడుతోంది. నాలుగోది రావ్‌జీ ఇల్లు. ఉంటానన్నాడు ముసలాడు. మనవడు వినలేదు, తాతని బస్తాలా భుజానికెత్తుకున్నాడు.

“దించరా గాడిదా! నేను పోతే మా అయ్య ఉండడురా! దించు!” చేతికర్రతో మనవడి వీపు మీద బాదుతూనే ఉన్నాడు. మనవడు దెబ్బలు తింటూనే కొండ దారి పట్టాడు. వాన చప్పుడులో ముసలాడి ఏడుపు కొంతసేపు వినబడింది.

ఎవర్నీ తప్పుపట్టడానికి చాంగుణకి నోరు రాలేదు. ఇంటికొచ్చి మనవరాలిని పాత చీరలో చుట్టి, పైన గోనె కప్పి హౌసా చేతికిచ్చింది.

“నడువు. అదిగో రావ్‌జీ మామ వాళ్లు కనబడుతున్నారు, వాళ్లని అందుకో.”

“నువ్వు?”

“సాయంత్రం వస్తాను.”

“అందరూ పోతుంటే నువ్వొక్కదానివేంటమ్మా?”

“అందరూ పోతున్నారు కాబట్టే.”

“నాదీ ఆ నెత్తురేగా. నేనూ ఉంటాను.” ఐదో రోజు బాలింత, నిలబడటానికే గుమ్మం పట్టుకుంది.

“నువ్వుంటే దీన్నీ ఉంచాలి. ఉంచుతావా?”

హౌసా పిల్లవైపు చూసింది. గోనె సరిచేసి వానలోకి దిగింది. వెనక్కి తిరిగితే ఆగిపోతానని కాబోలు, తిరగలేదు.

చాంగుణ సొరంగంలోకి వెళ్లేసరికి నీళ్లు మోకాళ్ల దాకా ఉన్నాయి. నలభై ఒక్క పేర్లు పిలిచే అవసరం లేదిప్పుడు. “ధోండిబా శివా!” అంది. టక్ మని చప్పుడొచ్చింది. మెత్తగా కాదు, పళ్లు బిగబట్టి కొట్టినట్టు. నలభై ఒక్కమంది మోసిన బరువు ఒక్క భుజం మీద పడితే ఎలా ఉంటుందో తలుచుకుని ఆమె ఏడ్చింది. కాసేపటికోసారి పిలిచింది, పిలిచినప్పుడల్లా పలికాడు. మధ్యలో ఊరికే ఉండలేక మాట్లాడింది. మనవరాలు పుట్టిందని చెప్పింది. ముక్కు అచ్చం మా అమ్మదేనని చెప్పింది. పుస్తకంలో తను చేసిన పని కూడా చెప్పింది. “ఒక్కడే తగ్గాడనుకున్నాను. తర్వాత ఇద్దరే అనుకున్నాను. ఏ రోజుకారోజు ఒక్కడే కదా అనుకున్నాను” అంది. రాతిమీద చెయ్యి పెడితే లోపల ఏదో సన్నగా అదురుతోంది.

నీళ్లు నడుము దాకా వచ్చాయి. పుస్తకం ఎప్పుడో కొట్టుకుపోయింది. లాంతరు పైకొక్కేనికి మార్చింది. నాలుగు దాటాక తలుపు దగ్గర ఘాణేకర్ కేక వినబడింది.

“చాంగుణా! ఆంబేపేఠ ఖాళీ అయింది! అందరూ ఎదురు గుట్టెక్కేశారు! రా, పోదాం!”

“మీరు పదండి సాహెబ్, వెనకే వస్తాను.”

“నిజంగా రా!”

“వస్తానన్నాగా!”

వెళ్లేది లేదని ఆమెకి పొద్దున్నే తెలుసు. పాయ్‌వాడి పొలిమేర రాయి దాటాక కొండ మీదికి అరగంట ఎక్కుడు. తను రాయి దాటిన క్షణం తండ్రి గోడ వదిలేస్తాడు. అరగంట దారిలో నది ఆమెని ఎక్కడో ఒకచోట పట్టుకుంటుంది. ఆ మాత్రానికి పరుగెత్తి దారిలో ఒంటరిగా చావడం దేనికి? ఇక్కడైతే తండ్రి ఉన్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన పక్కన ఇంతసేపు కూర్చున్నది ఇవాళే.

“ధోండిబా శివా!”

చప్పుడు లేదు.

వినబడలేదేమో అనుకుంది. గట్టిగా పిలిచింది. చెవి రాతికి ఆనించి పిలిచింది. నీళ్లు చిమ్ముతున్న హోరు తప్ప ఏమీ లేదు. హాజరులో వరసలుండవు, పేరే పిలవాలి. పదకొండేళ్లుగా కన్నతండ్రిని ఆమె పేరు పెట్టే పిలిచింది. ఇప్పుడు మొదటిసారి “నాన్నా!” అంది. “నాన్నా, నేను! చాంగుణని!”

దానికీ జవాబు లేదు.

ఆమెకి ఒళ్లు మండిపోయింది. భయం కన్నా ముందు కోపం వచ్చింది. “నువ్వూ అంతేనా!” అని రాతిని రెండు అరచేతులతో బాదింది. “పొలిమేర దాటానా నేను? దాటకముందే పోతావా? పుట్టకముందు ఒకసారి పోయావు, చాలదా? అమ్మ నీకోసం ఏడ్చి ఏడ్చి కళ్లు పోగొట్టుకుంది. నేను రోజూ బెల్లం తెచ్చి పెట్టాను. కుక్కలా నీ గుమ్మంలో కూర్చున్నాను. ఒక్క పూట, ఒక్క పూట తోడుండమంటే ఉండలేకపోయావా?” అరిచి అరిచి గొంతు పోయింది. గోడలో ఎవరూ లేరు. ఖాళీ రాళ్ల మధ్య కూర్చుని చావడానికి ఆమెకి ఏ కారణమూ మిగల్లేదు. కాళ్లు వాటంతటవే తలుపువైపు తిరిగాయి.

నడుము లోతు నీళ్లలో గోడ పట్టుకుంటూ బయటపడింది. పొయ్యిలారిన ఇళ్ల మధ్య నుంచి పరుగెత్తింది. పొలిమేర రాయి దాటేటప్పుడు కూడా తిట్టుకుంటూనే దాటింది. కొండ దారి బురదలో చేతులు ఆనించి పాకింది. ప్రతి అడుగుకీ వీపు వెనక ఆ హోరు వస్తుందనుకుంది, మెడ బిగబట్టుకుంది. రాలేదు. సగం దారిలో చెప్పు తెగింది. జారి పడి, లేచి, మళ్లీ ఎక్కింది. చచ్చిపోబోతున్నానన్న ఆలోచన కూడా ఒక దశలో అలసిపోయి ఊరుకుంది. ఎవరో చెయ్యి పట్టి పైకి లాగారు. ఘాణేకర్. ఆ వెనక హౌసా, పిల్లని గుండెకి అదుముకుని, ఆమె చీర పట్టుకుంది.

పాయ్‌వాడి వాళ్లందరూ అక్కడే రాతి చరియ కింద ముడుచుకుని ఉన్నారు. లోయకి అవతలి గుట్టమీద ఆంబేపేఠ జనం, వానలో నల్లటి గుంపుగా. అందరూ ఒకే వైపు చూస్తున్నారు. మనవడి పక్కన బురదలో కూర్చున్న రావ్‌జీ తల తిప్పాడు.

“ఎవరదీ, చాంగుణేనా?”

“నేనే మామా.”

“నువ్వొచ్చేస్తే గోడలో ఎవరున్నారే?”

“ఎవరూ లేరు. మా నాన్న నేనక్కడుండగానే పోయాడు.” మిగిలిన చెప్పు తీసి విసిరికొట్టింది. “ఎంత పిలిచినా పలకలేదు.”

రావ్‌జీ లోయవైపు చెవి పెట్టాడు. వాన చప్పుడు వింటున్నాడో, ఇంకేదైనా వింటున్నాడో. “మరి నీళ్ల హోరు రాలేదేంటే?” అన్నాడు. “గోడ నిలబడే ఉందా?”

చాంగుణ అప్పుడు తిరిగి చూసింది. గోడ నిలబడే ఉంది. నీళ్లు గట్టు పైనుంచి పొర్లుతున్నాయి, ఏటవాలుగా ఉన్న రాళ్ల మీదినుంచి సున్నపు నీళ్లు తెల్లగా కారుతున్నాయి, మధ్యలో నిలువునా నెర్రె విచ్చింది, ఐనా నిలబడే ఉంది. ఆమె పొలిమేర దాటి అరగంట పైనే అయింది. ఏ కట్టుబాటు ప్రకారం చూసినా ఆ గోడలో ఎవరూ ఉండకూడదు.

ఆయన పలక్కపోవడం తనని పైకి పంపడానికేనని ఆమెకి తెలిసింది. తెలిసి, చరియ అంచుదాకా నడిచింది. హౌసా “అమ్మా” అంటూ వెనక వచ్చింది. చాంగుణ పోయిన గొంతులో ఉన్నదంతా కూడదీసుకుని లోయలోకి కేకేసింది.

“నాన్నా! వచ్చేశాను! ఇంక చాల్లే నాన్నా, వదిలెయ్!”

గోడలోంచి ఒక్క చప్పుడు వచ్చింది. అవతలి గుట్టమీది నాలుగువేల మందీ విన్నారు.

తర్వాత గోడ పడింది.